ఒక్కరు పట్టే పడవ

తెలుగువాళ్ళ నోట వినబడితే నాకు ఒళ్ళు మండే మాట ఒకటుంది. అడ్జస్ట్. నలుగురు కూర్చునే రైలు బల్ల మీద ఆరోవాడు కూర్చుంటూ అనే మాట అది. ఇంట్లో ఆడవాళ్ళకి పుట్టినప్పటినుంచీ ఉగ్గుపాలతో పోసే మాట కూడా అదే. నవ్వుతూ అంటారు కాబట్టి తిట్టడానికీ వీలుండదు. నేను పడవలు కట్టడం నేర్చుకున్నది ఆ మాట నుంచి పారిపోవడానికేనేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఎందుకంటే నేను కట్టే పడవలో అడ్జస్ట్ అవడానికి చోటుండదు.

కయాక్ అనగానే చాలామందికి దుకాణంలో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ పడవ గుర్తొస్తుంది. నేను నేర్పేది అది కాదు. మంచు సముద్రాల్లో సీల్ జంతువులని వేటాడే జనం తరతరాలుగా కట్టుకున్న పడవ. సన్నటి కర్రలని మేకు అన్నది లేకుండా దారంతో బిగించి కట్టి, ఆ చట్రం మీద చర్మం తొడిగేవారు. ఇప్పుడు చర్మం బదులు నైలాన్ గుడ్డ కుట్టి, నీళ్ళు దిగకుండా పూత పూస్తాం. దీనికి టేపు అక్కర్లేదు. ఎక్కేవాళ్ళ ఒళ్ళే కొలబద్ద. పొడవు వాళ్ళ బారలు మూడు. వెడల్పు వాళ్ళ తుంటి, దాని మీద రెండు పిడికిళ్ళు. కాళ్ళు చాపుకుని లోపలికి జారితే తొడలు పైనున్న అడ్డకర్రకి ఆనాలి. అట్లా బిగుతుగా ఉంటేనే, పడవ తిరగబడినా మనిషి అందులోనే ఉండి తెడ్డు ఊపుతో మళ్ళీ పైకి లేవగలిగేది. వదులైతే తలకిందులైన క్షణంలోనే జారి నీళ్ళలో పడతాడు. ఆ సముద్రాల్లో జారి పడ్డవాడు ఇంటికి రాడు. కుట్టించుకున్న జాకెట్టు తొడుక్కునే ఏ ఆడదానికైనా ఈ సంగతి ఒక్క ముక్కలో అర్థమవుతుంది. మగవాళ్ళకి గంట పడుతుంది.

రెండువేల ఒకటిలో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. ఉద్యోగం వెనకే సంసారమూ పోయింది. అప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్ళో, ఒక ముసలాయన షెడ్డులో ఈ పని నేర్చుకున్నాను. ఆయన గ్రీన్‌లాండ్ వెళ్ళి అక్కడివాళ్ళ దగ్గర నేర్చుకుని వచ్చినవాడు. మాటలు తక్కువ. ఒక్కటి మాత్రం పదేపదే చెప్పేవాడు. ఈ విద్య మనది కాదు, అడిగి తెచ్చుకున్నది, కొలత మార్చే హక్కు మనకి లేదు అని. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ఊరూరా తిరిగి నేర్పే పని నాకొచ్చింది. పాత వ్యాను, వెనక రంపాలు, ఉలులు, కర్రలు. వ్యాను మీద నా పడవ. ఎవరో ఒకరి గరాజ్‌లో తరగతి, మధ్యలో ఏ చెరువు కనబడితే అందులో దిగడం, మళ్ళీ రోడ్డెక్కడం. పదేళ్ళకి పైగా అదే నా బతుకు.

దారిలో తెలుగువాళ్ళు కనబడకుండా ఉండరు. యూటాలో ఎర్రకొండల మధ్య ఒక రిజర్వాయర్ దగ్గర, నేను తడిసిన బట్టలతో పడవ మోసుకుని పైకి వస్తుంటే భార్యతో ఫొటోలు దిగుతున్న ఒకాయన ఆపాడు. మొహం చూసి పోల్చుకున్నాడు.

"తెలుగా అండీ? దీనికి స్కోప్ ఉంటుందా? ఫుల్ టైమ్ ఇదేనా?" అన్నాడు. నేను ఇంకా బరువు దించలేదు. "మీవారేం చేస్తారు?" అని కూడా అడిగాడు.

"ఆయనేం చేస్తాడో ఆయన రెండో భార్యని అడగాలి," అన్నాను.

అడిగినాయన భార్య పక్కకి తిరిగి నవ్వింది. ఆ నవ్వు కోసమైనా పడవ మోసుకు తిరగొచ్చు అనుకున్నాను ఆ రోజు.

డాలస్ పక్కన కాపెల్ నుంచి నాకు ఫోను వచ్చింది అటువంటి ప్రయాణాల రోజుల్లోనే. భీమవరం వైపు యాస. ఎవరో స్నేహితురాలు నా గురించి చెప్పిందట. "అక్కా, నాకొకటి కట్టడం నేర్పుతారా? నాకే. నేనొక్కదాన్నే ఎక్కడానికి," అంది. ఆ 'ఒక్కదాన్నే' అన్నప్పుడు గొంతు తగ్గించింది, ఏదో తప్పు మాట అన్నట్టు. భర్త వీసా మీద డిపెండెంట్‌గా వచ్చింది కాబట్టి ఉద్యోగం చేయడానికి లేదు. ఇంజినీరింగ్ చదివిన మనిషి. వచ్చినప్పటినుంచి వంట, పిల్లాడి స్కూలు, శనివారం తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లు. ముప్పై దాటాక రిక్రియేషన్ సెంటర్‌లో ఈత నేర్చుకుంది. ఒడ్డున కూర్చుని ఫోన్లు చూసుకునే తల్లుల మధ్య నుంచి లేచి నీళ్ళలో దిగిన మొదటి తల్లి తనే అట. "ఈ ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ అందరిదీ అక్కా, నాదని ఒక్కటీ లేదు," అంది. నేను వెంటనే ఒప్పుకున్నాను.

వ్యాను తోలుకుంటూ కాపెల్ చేరాను. దారిలో న్యూమెక్సికోలో ఒక చెరువులో పొద్దున్నే దిగి, ఎండెక్కేదాకా తిరిగి, ఇడ్లీరవ్వ ఉప్మా వండుకుని తిని బయల్దేరాను. ఆ ప్రయాణంలో నా మనసు ఎంత బావుందో చెబితే, తర్వాత నాకెందుకంత కోపం వచ్చిందో అర్థమవుతుంది.

భర్త గుమ్మంలోనే ఎదురొచ్చి నా సామాను అందుకున్నాడు. మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తాగడు, అరవడు, టీ తనే పెట్టి ఇస్తాడు. కారు బయట పెట్టి గరాజ్ ఖాళీ చేసి ఇచ్చాడు. చెడ్డవాడి మీద కోప్పడటం సులువు. ఇటువంటివాడి మీద కోప్పడితే మనకే పిచ్చెక్కినట్టు చూస్తారు.

మొదటి రోజు ఆమెని గరాజ్ నేల మీద పడుకోబెట్టి, చేతులు బార చాపమని సుద్దతో గీతలు గీశాను. తుంటి కొలిచాను. పిడికిళ్ళు పెట్టమన్నాను. కొలిపించుకోవడానికి ముందు సిగ్గుపడింది. కర్రల మీద గుర్తులు పడ్డాక మాత్రం వేలితో ఆ గుర్తులని తడుముతూ కూర్చుంది. "ఇది నా చెయ్యంతే ఉందక్కా," అంది. పక్కకర్రలు రెండూ చెక్కాం. వాటి మధ్య బిగించే అడ్డకర్రలకి తొర్రలు తొలిచాం. ఆమెకి ఉలి త్వరగా పట్టుబడింది. రోజూ పిల్లాడిని బస్సెక్కించి, తల ముడేసుకుని, నాకన్నా ముందే గరాజ్‌లో ఉండేది. మధ్యలో కుక్కర్ కూత వినబడితే లోపలికి పరిగెత్తేది. ఇంటికొచ్చే స్నేహితులు గరాజ్‌లోకి తొంగి చూసి తలో సలహా పడేసి పోయేవారు. మేకులు కొడితే గట్టిగా ఉంటుంది కదా అని ఒకరు. రెండు సీట్లు పెట్టలేమా అని ఒకరు. "ఇది ఒక్కరు పట్టేది," అని ప్రతివాడికీ చెప్పాను. భర్త కూడా విన్నాడు. తలూపాడు.

చట్రానికి అడ్డకర్రలన్నీ కుదిరాయి. మర్నాడు పడవకి పక్కటెముకల పని మొదలవాలి. వాటికి పచ్చి ఓక్ బద్దలు కావాలి, ఆవిరి పడితే వంగేటట్టు. అవి తేవడానికి నేను పొద్దున్నే కర్రల అడితికి వెళ్ళాను. శనివారం. దూరం పని. తిరిగొచ్చేసరికి సాయంత్రమయింది.

గరాజ్ తలుపు తెరిచే ఉంది. భర్త, ఆయన ఆఫీసు స్నేహితులిద్దరు చెమటలు కక్కుతూ, మొహాలు వెలిగిపోతూ నిలబడి ఉన్నారు. చట్రం దగ్గరికి వెళ్ళి చూశాను. బాగా పరిచయమున్న మనిషి ఒక్కరోజులో వాచిపోయినట్టుంది. అడ్డకర్రలు తీసేసి, నా కర్రల్లోంచే కొత్తవి కోసి పెట్టారు. పొడుగ్గా.

"సర్‌ప్రైజ్ అక్కా," అన్నాడు భర్త. "వెడల్పు నాలుగించులు పెంచామంతే. ముందు ఎక్సెల్‌లో వేసి చూశాం. నా కొలత, తన కొలత, బాబు పెద్దయ్యాక ఎంతుంటాడో అదీ వేసి, యావరేజ్ తీసి పెట్టాం. తను ఒక్కతే వాడే దానికి గరాజ్ అంతా బ్లాక్ చేయడం ఎందుకు? ఇప్పుడైతే అందరం వాడొచ్చు."

పెరిగే పిల్లలకి చొక్కా రెండు సైజులు ఎక్కువ కొంటాం. చీర తల్లిది కూతురు కడుతుంది. డబుల్ బెడ్ మీద నలుగురం పడుకుంటాం. ఆ లెక్కే పడవకీ వేశారు. ముగ్గురూ ఇంజినీర్లు. ఇంట్లో ముగ్గురి సగటుతో కట్టిన పడవ ఆ ముగ్గురిలో ఎవరికీ సరిపోదని ఈ ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

"ఎవరు కోసిన్రు ఇవి?" అన్నాను. కోపమొస్తే నా నోట వరంగల్ భాష తప్ప ఇంకోటి రాదు. "నేను లేనప్పుడు ఎట్ల ముడతరు? ఆమె పడవ అది. ఆమె ఒళ్ళు అది. మీ ముగ్గురికి ఏం పని అందుల?"

స్నేహితులిద్దరూ నేల చూపులు చూశారు. భర్త మాత్రం నవ్వు మొహంతోనే ఉన్నాడు. "అంత కోపమెందుకక్కా? లేక్‌లో సరదాకే కదా. లైఫ్ జాకెట్లు కొన్నాను కూడా."

"పాత కర్రలేవి?"

"వేస్ట్ చేయలేదక్కా. బీర పాదుకి పందిరేస్తే సరిపోయాయి."

పెరట్లోకి వెళ్ళి చూశాను. ఆమె వారం రోజులు కూర్చుని చెక్కిన అడ్డకర్రలు. కొసలు సూదిగా చెక్కి మట్టిలో దిగ్గొట్టారు. వాటికి అప్పుడే బీరతీగ నులి చుట్టుకుంటోంది. ఆ పాదుని పీకి పారేయాలనిపించింది. దాని తప్పేముందని వదిలేశాను.

లోపలికొచ్చి ఆమెని వెతికాను. వంటింట్లో ముగ్గురు మగవాళ్ళ కోసం పకోడీలు వేస్తోంది.

"నువ్వు ఇంట్లనే ఉన్నవు కదా. వద్దని ఎందుకనలే?" అన్నాను.

జల్లిగంటెతో నూనెలోంచి పకోడీలు తీసి పళ్ళెంలో పోసింది. "అన్నానక్కా, ఒకసారి. నీకోసమే కదా కష్టపడుతున్నాం అన్నారు. వాళ్ళ ముందు ఇంకేం మాట్లాడను? పోనీలెండి. నీళ్ళలో తేలితే చాలు."

నిజం చెప్పాలంటే ఆ రోజు భర్త మీద కన్నా ఆమె మీదే నాకు ఎక్కువ కోపమొచ్చింది. రంపాలన్నీ వ్యానులో పడేసుకున్నాను. మళ్ళీ బయటికి తీసింది కూడా ఆమె కోసమే. వ్యాను దగ్గరికి వచ్చి, "మీరెళ్ళిపోతే ఇది కూడా ఉండదక్కా," అంది. మళ్ళీ అన్నీ కోసి మొదటి కొలతకి తెద్దామంటే మంచి కర్ర మిగల్లేదు. ఆ చుట్టుపక్కల దొరకదు కూడా. పళ్ళు బిగబట్టి పూర్తి చేశాను. ఆవిరి పెట్టెలోంచి ఓక్ బద్దలు తీసి వంచుతుంటే భర్త, "ఇడ్లీ రెడీయా?" అని జోకు వేశాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

పడవని చెరువులో దింపిన రోజు వాళ్ళ కమ్యూనిటీ అంతా వచ్చింది. కూలర్లు, సమోసాలు, పిల్లలు. కొబ్బరికాయ కొట్టారు. ముందు ఎవరెక్కాలన్న మాటే రాలేదు. కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి, భర్త ఎక్కి కూర్చున్నాడు. ఒడ్డు నుంచి ఇటు కదిలాడో లేదో అటు తిరగబడ్డాడు. నడుముల లోతు నీళ్ళే. ఆమె దిగి లేపింది. "దీని బ్యాలెన్స్‌లో ఏదో డిఫెక్ట్ ఉంది," అన్నాడు ముక్కులోంచి నీళ్ళు చీదుతూ. అందరూ నా వైపు చూశారు. డిఫెక్ట్ ఎక్కడుందో చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె కళ్ళతోనే వద్దంది. తర్వాత తనెక్కింది. డబ్బాలో మిగిలిన ఒక్క శనగగింజలా అటూ ఇటూ దొర్లింది. అయినా కాసేపు తిప్పి దిగిపోయింది. నేను భోజనానికి ఆగకుండా బయల్దేరాను. పులిహోర కట్టిస్తే మాత్రం తీసుకున్నాను. నా కోపం పులిహోర మీద కాదు కదా.

తర్వాత ఏడో, ఆ పై ఏడో, లూసియానాలో తరగతి చెప్పి తిరిగొస్తుంటే కొత్త ఇంటి గృహప్రవేశానికి రమ్మని ఆమె పిలిచింది. వెళ్ళాను. పెద్ద ఇల్లు. హాలు రెండంతస్తుల ఎత్తు. తలెత్తి చూస్తే కప్పు నుంచి పడవ వేలాడుతోంది. చుట్టూ సీరియల్ లైట్లు. వచ్చినవాళ్ళకి భర్త చూపిస్తున్నాడు. "హ్యాండ్‌మేడ్ అండీ. ఫుల్‌గా మన గరాజ్‌లో చేసిందే. అక్కగారే గైడ్ చేశారు." నన్ను ముందుకు లాగి పరిచయం చేశాడు. ఒకావిడ చప్పట్లు కొట్టింది. అక్కడ నేనేమన్నానో నాకు సరిగ్గా గుర్తులేదు. "నీళ్ళలో ఉండాల్సినదాన్ని ఉరేసిన్రు," అన్నానని ఆమె తర్వాత చెప్పింది. భర్త నవ్వి, "అక్కకి ఇంకా కోపం పోలేదు," అన్నాడట.

ఆమె వ్యాను దాకా సాగనంపడానికి వచ్చింది. పట్టుచీర, చేతిలో తాంబూలం. "అక్కా, మా వీసా వాళ్ళకి వర్క్ పర్మిట్ ఇస్తారంటున్నారు. అది రాగానే జాబ్ చూసుకుంటా. మొదటి సెలవు దొరికినప్పుడు మీ దగ్గరికొచ్చి ఇంకోటి కడతా," అంది.

"అంత దూరం ఎందుకు? ఇక్కడ మూడు కార్ల గరాజ్ ఉంది కదా. నేనే వస్తా."

"వద్దక్కా. ఇక్కడ కడితే మళ్ళీ అందరిదీ అయిపోతుంది."

ఆ మాటకి సంతోషించాలి. నాకు కోపమే వచ్చింది. అంత ఇంట్లో, అన్ని గదుల్లో, తన కొలతకి ఒక్క వస్తువు కట్టుకోవడానికి ఒక మనిషి దేశం ఈ కొస నుంచి ఆ కొసకి పోవాలా? ఓక్లహోమా దాటేదాకా స్టీరింగ్ మీద కొట్టుకుంటూనే ఉన్నాను.

ఆమె అన్నంత పనీ చేసింది. రెండువేల పదిహేనులో వర్క్ పర్మిట్ వచ్చింది, ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది, మొదటి సెలవుకి తనే టికెట్ కొనుక్కుని వచ్చింది. ముసలాయన అప్పటికి లేడు, షెడ్డు నాది. ఈసారి ఆమె ఎవరి కోసమూ లోపలికి పరిగెత్తలేదు. కర్ర చెక్కుతూ పాడుకుంది. నేను అడ్డకర్ర ఒకటి కాస్త వదులుగా పెడితే చెయ్యి పట్టుకుని ఆపింది. భర్త ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. కందిపప్పు ఏ డబ్బాలో ఉంది, బాబు స్విమ్మింగ్ బ్యాగ్ ఎక్కడ పెట్టావు. అన్నింటికీ ఓపికగా చెప్పేది. ఆ ఓపిక చూస్తే నాకు మళ్ళీ మంట.

పూత ఆరాక పడవని ఊరి వెనక సముద్రపు పాయలో దింపాం. లోపలికి జారి కూర్చుంటే పడవకీ ఆమెకీ మధ్య వేలు దూరేంత సందు లేదు. ఒడ్డు దగ్గరే నిలబడి తిరగబడటం, లేవడం నేర్పాను. నీళ్ళు చల్లగా కోస్తున్నాయి. చాలాసార్లు నేనే పట్టి లేపాల్సి వచ్చింది. ఒకసారి తనే లేచింది. జుట్టంతా మొహాన పడి, దగ్గుతూ, కళ్ళు ఎర్రగా చేసుకుని నా వైపు చూసింది. తెడ్డు తిప్పి పాయ మధ్యలోకి వెళ్ళిపోయింది.

ఒడ్డున ఆమె సంచిలో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. ఆపేద్దామని తీసి, ఎత్తాను.

"తను లేదా అక్కా?" అన్నాడు భర్త.

"నీళ్ళ మీదుంది."

"ఎంతసేపట్లో వస్తుంది? రేపు మా మేనేజర్ వాళ్ళు డిన్నర్‌కి వస్తామంటున్నారు. ఫ్లైట్ ఇవాళ్టికి మార్చుకోగలదేమో కనుక్కుందామని. ఒక్కసారి పిలుస్తారా?"

ఆమె అంత దూరమేమీ పోలేదు. కేకేస్తే వినబడుతుంది.

"పిలువను," అన్నాను.